టెయిలింగ్స్ చెరువు మీద ప్రజాభిప్రాయ సేకరణ: ముసాయిదాలో ఏ పుటలు చదవాలి, ఏమని అడగాలి?

అహేరి_బడిపంతులు

అందరికీ నమస్కారం. మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా, అహేరి తాలూకా. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదువుకున్నదీ చెప్పినదీ మరాఠీ. మూడేళ్ల కిందట పదవీ విరమణ చేశాను. మా ఊరికి ఎగువన, తక్కువ రకం ఇనుప ఖనిజాన్ని శుద్ధి చేసే కర్మాగారమూ, దాని నుంచి వచ్చే టెయిలింగ్స్‌ను నిలవ చేసే చెరువూ కట్టాలని ఒక సంస్థ ప్రతిపాదించింది. టెయిలింగ్స్ అంటే ఖనిజం తీసుకోగా మిగిలే, నీళ్లు కలిసిన మెత్తటి బురద. ప్రజాభిప్రాయ సేకరణకు తేదీ ప్రకటించారు. పంచాయతీ కార్యాలయానికి మరాఠీలో సంగ్రహ నివేదిక, ఇంగ్లీషులో పర్యావరణ ప్రభావ మదింపు నివేదిక పూర్తి ముసాయిదా వచ్చాయి. "సార్, మీరు చదివి మాకు చెప్పండి" అని ఊరివాళ్లు ఆ రెండూ తెచ్చి నా చేతిలో పెట్టారు.

సంగ్రహ నివేదికలో దుమ్ము గురించి, చెట్ల పెంపకం గురించి, ఉద్యోగాల గురించి పుటలు పుటలుగా ఉంది. టెయిలింగ్స్ చెరువు గురించి మాత్రం నాలుగు వాక్యాలే ఉన్నాయి: కట్టను శాస్త్రీయంగా నిర్మిస్తారు, నీటిని తిరిగి వాడుకుంటారు, చుక్క నీరు కూడా బయటికి వదలరు, వర్షాకాలంలో తగిన జాగ్రత్తలు తీసుకుంటారు. ఆ చెరువు స్థలానికి దిగువనే మా వాగు ఉంది, వాగు కింద మా ఊరి పాత చెరువు, దాని ఆయకట్టు ఉన్నాయి. ఆ వాగు చివరికి ప్రాణహితలో కలుస్తుంది. 2022 జూలైలో ప్రాణహిత, గోదావరి పొంగి సిరొంచ వైపు ఊళ్లు మునిగినప్పుడు మా వాగు కూడా వెనక్కి తన్ని పొలాల మీదికి వచ్చింది. నాలుగు రోజులు బయటి ఊళ్లతో రాకపోకలు లేవు.

నేను ప్రాజెక్టు వద్దనడానికి ఇది రాయడం లేదు. ఊళ్లో పని కోసం ఎదురుచూస్తున్న పిల్లలు ఉన్నారు, వాళ్లలో నా దగ్గర చదువుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ ఆ నాలుగు వాక్యాలను నమ్మి ఊరివాళ్లకు "భయం లేదు" అని చెప్పడానికి నాకు మనసు ఒప్పడం లేదు. పూర్తి ముసాయిదా ఆరు వందల పుటల పైచిలుకు ఉంది. అందులో టెయిలింగ్స్ విషయంలో తప్పక చూడవలసినవి ఏవి? ఆ రోజు మేము చెప్పిన మాట చివరికి ఎక్కడికి చేరుతుంది? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి వివరంగా రాయగలరు.

బల్లార్షా_పాతగని

పంతులుగారూ, నమస్కారం. నేను ముప్పై ఏళ్లు ఖనిజ శుద్ధి కర్మాగారాల్లో పనిచేశాను, అందులో పదకొండేళ్లు టెయిలింగ్స్ విభాగంలోనే. మీరు అడిగినది సరైన చోట అడిగారు. దుమ్ము రోజూ కంటికి కనిపిస్తుంది కాబట్టి దాని గురించి అందరూ మాట్లాడతారు. టెయిలింగ్స్ కట్ట ఇరవై ఏళ్లు కదలకుండా ఉండి ఒక్క పూటలో తెగుతుంది.

ముందు మీ ఊరి చెరువుతో పోల్చి చెబుతాను, ఎందుకంటే కట్ట, తూము, మత్తడి (నిండిన చెరువు నుంచి అదనపు నీరు పొర్లిపోయే చోటు) అంటే ఏమిటో మీ ఊళ్లో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర లేదు. ఊరి చెరువు ఏటా నిండుతుంది, ఏటా ఖాళీ అవుతుంది. ఎండాకాలంలో కట్టను చూసుకుని మరమ్మతు చేసుకుంటారు. టెయిలింగ్స్ చెరువు నిండుతుందే తప్ప ఏనాడూ ఖాళీ కాదు. కట్టను కూడా ఒకేసారి పూర్తిగా కట్టరు. మొదట చిన్న కట్ట వేసి, లోపల బురద పెరిగే కొద్దీ కొన్నేళ్లకోసారి దాన్ని ఎత్తు పెంచుతూ పోతారు. ఆ పెంచే పద్ధతి ఏదన్నది మీరు ముసాయిదాలో వెతకవలసిన మొదటి మాట. కొత్త కట్టను బయటి వైపుకు, గట్టి నేల మీద వెడల్పు చేసుకుంటూ పెంచితే దాన్ని డౌన్‌స్ట్రీమ్ పద్ధతి అంటారు. ఖర్చు ఎక్కువ, భద్రతా ఎక్కువే. లోపలి వైపుకు, అప్పటికే పోసిన బురద మీదే కొత్త గట్టు వేసుకుంటూ పోతే అది అప్‌స్ట్రీమ్ పద్ధతి. ఖర్చు తక్కువ, కానీ ఆ బురద నీళ్లు ఇంకక మెత్తగా ఉంటే పైనున్న కట్టకు పునాదే లేనట్టు. బ్రెజిల్‌లోని బ్రుమాజిన్యోలో 2019 జనవరి 25న తెగిన 86 మీటర్ల ఇనుప ఖనిజపు టెయిలింగ్స్ కట్టను ఆ పద్ధతిలోనే పెంచారు. అప్పటికి కొన్నేళ్లుగా అందులో కొత్తగా ఏమీ పోయడం లేదు. అంతకు కొన్ని నెలల ముందే దానికి స్థిరత్వ ధ్రువపత్రం కూడా ఇచ్చారు. 270 మంది చనిపోయారు. కార్మికులు భోజనం చేసే శాల ఆ కట్టకు దిగువనే ఉంది. ఆ తర్వాత బ్రెజిల్ ఆ పద్ధతిని నిషేధించింది. చిలీ దేశం అంతకు చాలా ముందే నిషేధించింది. మన దగ్గర అటువంటి నిషేధమేదీ లేదు కాబట్టి అడిగే బాధ్యత మనదే.

రెండోది లెక్క. దీనికి ఇంజనీరు అవసరం లేదు, మీ ఏడో తరగతి పిల్లలు చేయగలరు. ఏడాదికి పది లక్షల టన్నుల ఖనిజం శుద్ధి చేస్తారనీ, అందులో 40 శాతం టెయిలింగ్స్‌గా పోతుందనీ అనుకుందాం. అంటే ఏటా 4 లక్షల టన్నులు. చెరువులో పేరుకున్న బురద ఘనపు మీటరుకు సుమారు టన్నున్నర అనుకుంటే ఏటా 2.67 లక్షల ఘనపు మీటర్లు, ఇరవై ఏళ్లకు 53 లక్షల ఘనపు మీటర్లు. చెరువు విస్తీర్ణం 20 హెక్టార్లు, కట్ట ఎత్తు 12 మీటర్లు అని ముసాయిదాలో ఉంటే, ఆ చెరువులో అంచుల దాకా పోసినా పట్టేది 24 లక్షల ఘనపు మీటర్లే, అంటే తొమ్మిదేళ్లు. మిగతా పదకొండేళ్ల బురద ఎక్కడ పోస్తారు? కట్టను మరింత పెంచుతారా, ఇంకో చెరువు తవ్వుతారా? ఏది చేసినా దానికి ఇప్పుడే అనుమతి అడుగుతున్నారా, లేక తర్వాత "విస్తరణ" అంటూ వస్తారా? ఇవి నేను ఊహించి వేసిన అంకెలు. మీ ముసాయిదాలోని అసలు అంకెలు పెట్టి మీరే చేసి చూడండి.

మూడోది వాన. "చుక్క నీరు బయటికి వదలం" అన్న మాట ఎండాకాలానికి సరిపోతుంది. ఒక్క రోజులో 300 మిల్లీమీటర్ల వాన పడితే 20 హెక్టార్ల చెరువు మీద నేరుగా పడే నీరే 60,000 ఘనపు మీటర్లు, అంటే ఆరు కోట్ల లీటర్లు. చుట్టూ గుట్ట మీది నుంచి జారివచ్చే నీరు దీనికి అదనం. మత్తడి లేని చెరువును మీ ఊళ్లో ఎవరైనా ఒప్పుకుంటారా? అందుకే అడగవలసినవి ఇవి: గుట్ట నీటిని చెరువులోకి రానివ్వకుండా మళ్లించే కాలువ ఉందా, దాని కొలతలేమిటి, ఎంత వానను లెక్కలోకి తీసుకుని కట్టను రూపొందించారు, ఆ వాన పడ్డాక కూడా నీటి మట్టానికీ కట్ట పైఅంచుకూ మధ్య ఎంత ఎడం మిగులుతుంది, అంతకు మించితే నీరు ఏ దారిన, ఏ వాగులోకి పోతుంది. 2020 ఆగస్టులో వెలువడిన అంతర్జాతీయ టెయిలింగ్స్ ప్రమాణం, దిగువన భారీ ప్రాణనష్టానికి అవకాశం ఉన్న కట్టలకు పదివేల ఏళ్లలో ఒకసారి వచ్చే స్థాయి వరదను లెక్కలోకి తీసుకోమంటుంది. అది మన చట్టం కాదు. అయినా మీరు ఏ ప్రమాణాన్ని పాటిస్తున్నారు అని అడగడానికి ఎవరి అనుమతీ అక్కర లేదు.

ఒక అనుభవం చెబుతాను. నేను పనిచేసిన ఒక చోట, పేరు అనవసరం, కట్ట అడుగున ఊట కాలువ ఉండేది. రోజూ తెల్లవారి ఒక స్టీలు గ్లాసుతో ఆ ఊట నీటిని పట్టి, వెలుతురులో చూసి, పుస్తకంలో రాయడం మా పని. కట్ట ఊరడం తప్పు కాదు, ప్రతి మట్టికట్టా ఊరుతుంది. నీరు తేటగా ఉన్నంతకాలం అది ఆరోగ్యమే. ఒక శ్రావణంలో ఐదు రోజులు ఎడతెగని ముసురు పట్టింది. ఆరో రోజు గ్లాసులో నీరు పలచటి మజ్జిగలా ఉంది. కాసేపు కదలకుండా ఉంచితే అడుగున గోరు మందాన సన్నటి బూడిదరంగు మట్టి పేరుకుంది. కట్ట లోపలి మట్టి నీటితో కలిసి బయటికి వస్తోందన్నమాట. అప్పటికి పుస్తకంలో మూడు రోజులుగా ఎవరూ ఏమీ రాయలేదు, వానలో కిందికి ఎవరు దిగుతారని. వెంటనే బురద పోయడం ఆపించి, లోపలి నీటిని పంపులతో తోడించి, ఊట దగ్గర ఇసుక, కంకర పొరలు వేయించాం. రెండు రోజులు ఎవరం ఇళ్లకు వెళ్లలేదు. కట్ట నిలబడింది. ఆ మూడు ఖాళీ గళ్లు మాత్రం నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంటాయి. కాబట్టి ముసాయిదాలో పీజోమీటర్లు, అంటే కట్ట లోపలి నీటి మట్టాన్ని కొలిచే గొట్టాలు, ఎన్ని పెడతారు అన్నదొక్కటే చూడకండి. వాటిని ఎవరు, ఎన్ని రోజులకోసారి చూస్తారు, ఏ మట్టం దాటితే ఏం చేస్తారు, ఆ పుస్తకాన్ని బయటివాళ్లు ఎవరు తనిఖీ చేస్తారు అన్నది కూడా రాతపూర్వకంగా ఉండాలని అడగండి.

చివరగా, కట్ట తెగితే బురద ఎంత దూరం, ఎంత సేపట్లో పోతుందో చూపే పటం ముసాయిదాలో ఉందో లేదో చూడండి. లేకపోతే అదొక్కటే మీ మొదటి అభ్యంతరం కావచ్చు.

రాయగడ_నాగావళి

పంతులుగారికి నమస్కారం. నేను ఒడిశాలోని రాయగడ నుంచి రాస్తున్నాను. మా ప్రాంతంలోది బాక్సైటు, దాన్నుంచి అల్యూమినా తీసే కర్మాగారాల ఎర్ర బురద. మీ ఇనుప టెయిలింగ్స్‌లో ఎక్కువగా ఉండేది ఇసుక లాంటి మెత్తటి రాతి పొడి, మాకు వచ్చేది కాస్టిక్ సోడా కలిసిన బురద. గుణం వేరు, కట్టల కథ మాత్రం ఒకటే. 2010 అక్టోబరులో హంగరీలోని అయ్‌కాలో ఎర్ర బురద కట్ట తెగినప్పుడు చనిపోయినవాళ్లూ, ఒళ్లు కాలినవాళ్లూ దిగువ ఊళ్ల జనం. 2019 ఏప్రిల్‌లో మన ఝార్ఖండ్‌లోని మురిలో ఎర్ర బురద గుట్ట జారి, పక్కనున్న భూముల్ని కప్పేసింది. కాబట్టి ఇది విదేశాల ముచ్చట అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

నేను చెప్పదలచుకున్నది మేము చేసిన తప్పు గురించి. కొన్నేళ్ల కిందట మా దగ్గర జరిగిన ఒక ప్రజాభిప్రాయ సేకరణకు నేను వెళ్లాను. షామియానా కింద వెయ్యి మందికి తక్కువ లేరు. కువి మాట్లాడే కొండ ఊళ్ల పెద్దలు, ఒడియావాళ్లు, మా తెలుగువాళ్లు చాలామంది మాట్లాడారు. సగం మంది ఉద్యోగాల గురించి, సగం మంది దుమ్ము, లారీల గురించి. బురద చెరువు గురించి మాట్లాడింది ఒకే ఒక్క పెద్దాయన. ఆ చెరువు పెట్టే లోయలో వానాకాలంలో మూడు ఊటలు పుడతాయనీ, వాటి నీళ్లు ఎటు పోతాయో చెప్పమనీ ఆయన తన భాషలో అడిగారు. చాలా చక్కని, సూటి ప్రశ్న. తర్వాత కార్యవాహి (సభలో ఎవరేమన్నారో రాసిన పత్రం) ప్రతి చూస్తే ఆయన మాట "కాలుష్యం పట్ల ఆందోళన వ్యక్తం చేశారు" అని ఉంది. దానికి సంస్థ జవాబు "తగిన చర్యలు తీసుకుంటాం" అని ఉంది. ప్రశ్న పోయింది, కాబట్టి జవాబు కూడా పోయింది. ఆయన ప్రశ్నను ఎవరైనా ఒక కాగితం మీద రాసి, ఆ లోయ పేరుతో సహా ఇచ్చి ఉంటే అలా అయ్యేది కాదు. పక్కనే కూర్చున్న నేనే రాసి ఉండవలసింది. అందుకే మీరు నోటితో చెప్పేది ఎంతైనా చెప్పండి, కానీ ప్రతి ప్రశ్ననూ విడిగా, రాసి, ప్రతి మీద ముద్ర వేయించుకుని తీసుకోండి.

ఇంకొకటి. ముసాయిదాలో నీటి నమూనాలు ఏ నెలల్లో తీశారో చూడండి. పర్యావరణ అధ్యయనం ఎలా చేయాలో చెబుతూ గనులకు ఇచ్చే ప్రామాణిక విధివిధానాల్లో ఒక్క ఋతువులో, అదీ వర్షాకాలం కాని ఋతువులో, సేకరించిన వివరాలు సరిపోతాయని ఉంటుంది. గాలి దుమ్ముకు అది సబబే కావచ్చు. టెయిలింగ్స్ చెరువుకు ప్రమాదం వచ్చేదే వానాకాలంలో. వాగులో నీరు ఎంత పారుతుందో, బావుల్లో మట్టం ఎంత పైకి వస్తుందో ఆ నాలుగు నెలల్లో చూడకుండా దిగువ ఊళ్లకు ఏమీ కాదని ఎలా చెప్పగలరు? మీ ఊరి బావుల్లో ఇప్పుడున్న నీటి మట్టాన్ని, రంగును మీరే నెలనెలా ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. రేపు ఏదైనా తేడా వస్తే "ముందు నుంచీ ఇలాగే ఉంది" అనేవాళ్లకు చూపడానికి అదొక్కటే ఆధారం అవుతుంది.

చంద్రపూర్_న్యాయవాది

పై ఇద్దరూ చెప్పినవి విలువైన మాటలు. మీ రెండో ప్రశ్నకు, అంటే మీ మాట ఎక్కడికి చేరుతుంది అన్నదానికి, జవాబు చెబుతాను.

ఈ ప్రక్రియ అంతా 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం నడుస్తుంది. సేకరణను నిర్వహించేది రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి. అధ్యక్షత వహించేది కలెక్టరు, లేదా అదనపు కలెక్టరు స్థాయికి తగ్గని ఆయన ప్రతినిధి. స్పందించడానికి ప్రజలకు కనీసం 30 రోజుల గడువు ఇవ్వాలి. కార్యక్రమం మొత్తాన్ని వీడియో తీయాలి. ఎంతమంది వచ్చినా, రాకపోయినా అది చెల్లుతుంది, కనీస హాజరు అన్న నియమమేదీ లేదు. "మేము బహిష్కరించాం కాబట్టి అది జరగనట్టే" అనుకోవడం పొరపాటు. ముగింపులో కార్యవాహి సారాంశాన్ని స్థానిక భాషలో అందరికీ చదివి వినిపించాలని అందులో స్పష్టంగా ఉంది. రాయగడ మిత్రులు చెప్పిన ముసలాయన ప్రశ్న పోయింది సరిగ్గా ఆ ఘట్టంలోనే. కాబట్టి ఎంత చీకటి పడినా ఆ చదివే దాకా కూర్చోండి. మీ ప్రశ్న వినిపించకపోతే లేచి నిలబడి, వీడియో ముందే చెప్పండి.

నోటితో మాట్లాడటం స్థానికులకు ఉద్దేశించినది. కానీ ప్రాజెక్టు ప్రభావంతో సంబంధం ఉన్న ఇతరులు కూడా రాతపూర్వకంగా అభిప్రాయం పంపవచ్చు. మీ వాగు ప్రాణహితలో కలుస్తుందన్నారు. ప్రాణహితకు అవతలి ఒడ్డు తెలంగాణ. అక్కడి రైతులు కూడా రాయవచ్చు, రాయాలి కూడా.

ఆ తర్వాత ఇవన్నీ సంస్థ జవాబులతో కలిసి తుది నివేదికలో చేరి, నిపుణుల మదింపు సంఘం ముందుకు వెళతాయి. ఇక్కడొక ముఖ్యమైన విషయం ఉంది, ఇది చాలామందికి తెలియదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల మొదటి షెడ్యూలు నుంచి గని టెయిలింగ్స్‌ను, ఖనిజ శుద్ధి వ్యర్థాలను, ఎర్ర బురదను "పరిమాణం ఎక్కువ, ప్రభావం తక్కువ" అన్న వర్గం కింద మినహాయించారు. 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం నదులకు, ఉపనదులకు అడ్డంగా నీటిని నిలపడానికో మళ్లించడానికో కట్టినవాటినే ఆనకట్ట అని నిర్వచించింది. లోయలో బురద నిలిపే కట్ట దానిలోకి వస్తుందని ధీమాగా చెప్పలేం. 2017 నాటి ఖనిజ సంరక్షణ, అభివృద్ధి నియమాలు ఉన్నాయి గానీ అవి సూత్రప్రాయంగానే మాట్లాడతాయి. కాబట్టి మీ కట్ట ఎత్తు, మీ మత్తడి, మీ ఊట కాలువ, వీటిని కట్టుబాటుగా మార్చేవి పర్యావరణ అనుమతి పత్రంలోని షరతులు, కాలుష్య మండలి ఇచ్చే సమ్మతి పత్రాలు మాత్రమే. షరతు పత్రంలోకి ఎక్కని మాటను తర్వాత ఏ అధికారీ అమలు చేయించలేడు. అదృష్టవశాత్తు, 2020 సెప్టెంబరు 30 నాటి కేంద్ర పర్యావరణ శాఖ ఉత్తర్వు ప్రకారం, ప్రజాభిప్రాయ సేకరణలో సంస్థ ఇచ్చిన హామీలను పర్యావరణ నిర్వహణ ప్రణాళికలో భాగం చేయాలి. అంటే "పీజోమీటర్ల రికార్డును ప్రతి మూడు నెలలకు గ్రామసభకు ఇస్తాం" అని వాళ్ల చేత ఆ వేదిక మీద అనిపించగలిగితే, అది పెద్ద పని చేసినట్టే.

అనుమతి వచ్చాక కూడా పని మిగిలే ఉంటుంది. షరతుల అమలు మీద సంస్థ ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక ఇవ్వాలి. అనుమతి మీద అభ్యంతరం ఉంటే జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు 30 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకే ఆలస్యాన్ని మన్నిస్తారు, అంతకు మించి ఒక్క రోజు కూడా కుదరదు. మహారాష్ట్రకు పుణె ధర్మాసనం, ఒడిశాకు కోల్‌కతా. ఆ తేదీని గోడ మీద రాసి పెట్టుకోండి.

అహేరి_బడిపంతులు

ముగ్గురికీ పేరుపేరునా కృతజ్ఞతలు. రెండు రాత్రులు కూర్చుని ముసాయిదాలో మీరు చెప్పిన పుటలన్నీ చూశాను. పాతగనిగారు చెప్పిన లెక్కను ముసాయిదాలోని అంకెలతో నేనూ, నా పాత విద్యార్థి ఒకడూ విడివిడిగా వేశాం. ఇద్దరికీ ఒకే జవాబు వచ్చింది. ప్రాజెక్టు ఆయుష్షులో సగం కూడా కాకముందే చెరువు నిండిపోతుంది. ఆ తర్వాత ఏమిటన్నది ఎక్కడా లేదు. కట్ట పెంచే పద్ధతి పేరు లేదు. నీటి నమూనాలు మార్చి నుంచి మే వరకు తీసినవి. వానకు సంబంధించిన పట్టికలో ఏడాది సగటు ఉంది గానీ ఒక్క రోజులో పడిన గరిష్ఠ వాన లేదు. కట్ట తెగితే బురద ఎక్కడిదాకా వస్తుందో చూపే పటం లేదు. మా ఊరి చెరువు ప్రస్తావన ముసాయిదాలో ఎక్కడైనా ఉందేమోనని పుట పుటా తిప్పాను. దిగువ నీటి వనరుల జాబితాలోనే దాని పేరు లేదు.

ప్రశ్నలన్నీ మరాఠీలో రాస్తున్నాను, ఊళ్లో చదివి వినిపించడానికి తెలుగులోనూ ఒక ప్రతి ఉంచుతున్నాను. ఉద్యోగం కోసం చూస్తున్న పిల్లలే నలుగురు వచ్చి నకలు రాసి పెడుతున్నారు. మొదటి ప్రశ్న ఇలా పెట్టాను, తప్పుంటే దిద్దగలరు: "టెయిలింగ్స్ చెరువుకు తగినంత మత్తడి, కట్టకు సరిపడా ఎత్తు ఉంటాయని హామీ ఇవ్వాలి. చెరువు నిండిన తర్వాత మిగిలిన ఏళ్ల టెయిలింగ్స్‌ను ఎక్కడ నిలవ చేస్తారో, ఆ స్థలం సర్వే సంఖ్యలతో సహా తెలపాలి."

బల్లార్షా_పాతగని

రెండో వాక్యం చక్కగా ఉంది, ఒక్క అక్షరం మార్చకండి. మొదటి వాక్యంలో "తగినంత", "సరిపడా" అన్న మాటలు తీసేయండి. అవి ఉంటే వాళ్లు "సరే" అని ఒక్క ముక్కలో జవాబిచ్చి ఊరుకుంటారు. దాని బదులు ఇలా రాయండి: "ఒక రోజులో ఎన్ని మిల్లీమీటర్ల వానను లెక్కలోకి తీసుకున్నారు, ఆ వాన పడ్డాక నీటి మట్టానికీ కట్ట పైఅంచుకూ మధ్య ఎన్ని మీటర్లు మిగులుతుంది, మత్తడి వెడల్పు ఎన్ని మీటర్లు, ఆ నీరు ఏ వాగులోకి వెళుతుంది." మీ ఊరి చెరువు పేరు, ఆయకట్టు ఎకరాలు, దాని మీద ఆధారపడిన ఇళ్ల సంఖ్య రెండో ప్రశ్నగా విడిగా పెట్టండి. వీలైతే ఆ చెరువు కట్ట మీద నిలబడి, వెనక ప్రతిపాదిత స్థలం కనిపించేలా ఒక ఫొటో తీసి జతచేయండి.